బైక్ మీదికి టెంట్ కొంటున్నారా? ముందు టేపు తీయండి

ప్రశ్న: నమస్తే అండీ. మాది రాజమహేంద్రవరం. వయసు 27, ఎత్తు 5 అడుగుల 11 అంగుళాలు. నా బండి క్లాసిక్ 350. డిసెంబరులో ఒక్కణ్నే మారేడుమిల్లి, లంబసింగి, పాడేరు, అరకు చూసుకుని, అనంతగిరి ఘాట్ మీదుగా విశాఖ దిగి ఇంటికి రావాలని ప్లాన్. దారిలో మూడు నాలుగు రాత్రులు టెంట్‌లో పడుకోవాలని ఉంది. బడ్జెట్ 8 వేలు. షాపులో విసిరితే తెరుచుకునే టెంట్ చూపించారు. ఒక ఫ్రెండ్ ఊయల చాలంటాడు. ఇంకొకడు కిలో బరువు కూడా లేని ట్రెక్కింగ్ టెంట్ కొనమంటాడు. బైక్ కూడా లోపల పెట్టుకునే టెంట్లు ఉన్నాయట. 1500, 3000 అని రాసే అంకెలేమిటో అర్థం కాదు. అమ్మేమో ఇవన్నీ ఎందుకు, లాడ్జి తీసుకోమంటోంది. ఏం కొనమంటారు?

సమాధానం: ఇద్దరికి సరిపోతుందని రాసి ఉన్న, రెండు పొరల, తనంతట తాను నిలబడే డోమ్ (గుమ్మటం ఆకారపు) టెంట్ కొనండి. మడిచి సంచీలో పెట్టాక పొడవు 45 సెంటీమీటర్లు దాటకూడదు. బరువు మూడు కిలోలున్నా ఫరవాలేదు. మీ బడ్జెట్‌లోనే వస్తుంది. ఇంతకన్నా తక్కువలో చెప్పలేను, ఇక మిగతాదంతా ఎందుకన్నదానికి జవాబు.

బరువు గురించి మీ ఫ్రెండ్ చెప్పేది భుజాన మోసేవాడి లెక్క. కొండ ఎక్కేవాడికి అరకిలో తగ్గినా పండగే. మీ బండి 195 కిలోలు, పైన మీరు. అందులో టెంట్ కిలో ఉందా మూడు కిలోలుందా అన్నది బండికి తెలియను కూడా తెలియదు. బండికి తెలిసేది పొడవు. టెంట్ బట్ట ఎలా కుక్కితే అలా ఒదుగుతుంది. రాడ్లు మాత్రం వంగవు, ముడుచుకోవు. మడిచిన రాడ్డు ఎంత పొడవుంటే మీ మూట అంత పొడవు. అందుకే షాపుకు వెళ్లేటప్పుడు దర్జీ టేపు ఒకటి జేబులో వేసుకోండి. ముందు మీ శాడిల్ బ్యాగ్ (బండి పక్కన వేలాడే సంచీ) లోపలి పొడవు కొలుచుకుని వెళ్లండి, అక్కడ రాడ్లను సంచీలోంచి తీయించి కొలవండి. అట్టపెట్టె మీది అంకెను నమ్మవద్దు.

ఈ మాట నాకు ఊరికే తెలియలేదు. నేను మొదట కొన్న టెంట్ మూట రెండడుగుల పైనే ఉండేది. వెనక సీటు మీద అడ్డంగా పెట్టి బంగీ తాళ్లతో కట్టాను. చూడ్డానికి దిట్టంగానే ఉంది. ఘాట్ రోడ్డులో పది మలుపులు తిరిగేసరికి ఒక కొస కిందికి జారింది. ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుంటే పక్క ఊళ్లో ఎవరో చెత్త తగలబెడుతున్నారనుకుని ఇంకో కిలోమీటరు పోయాను. తగలబడుతున్నది నా టెంటే. సైలెన్సర్‌కు ఆనుకుని అరచేయంత మేర కరిగిపోయింది. ఆ రాత్రి ఆ బొక్కకు రెయిన్‌కోటు కట్టుకుని పడుకున్నాను.

45 సెంటీమీటర్ల లోపు మూట అయితే శాడిల్ బ్యాగ్‌లో పడుతుంది, లేదా వెనక సీటు మీద అడ్డంగా పెట్టినా ఇరువైపులా బయటికి రాదు. మీకు బాగా నచ్చిన టెంట్‌కు రాడ్లు కాస్త పొడుగైతే మరో ఉపాయం ఉంది. కంపెనీ ఇచ్చిన సంచీ పక్కన పడేయండి. రాడ్లను విడిగా ఫోమ్ చాప మధ్యలో పెట్టి చుట్టేయండి, బట్టను శాడిల్ బ్యాగ్ అడుగున కుక్కండి. చాప ఎలాగూ బయటే కట్టాలి. ఒక్క సంగతి: ఏ మూటైనా మీ నడుముకు దగ్గరగా ఉండాలి. నంబర్ ప్లేట్ మీదికి వేలాడేలా వెనక బరువు పెడితే ముందు చక్రం తేలికై మలుపుల్లో హ్యాండిల్ వణుకుతుంది. సాగే బంగీ తాళ్ల కన్నా బిగించే బకిల్ ఉన్న పట్టీలు మేలు. కొసలు గాలికి ఎగరకుండా చుట్టి దోపండి. చైన్‌లో పట్టీ కొస చిక్కుకుంటే వెనక చక్రం అక్కడికక్కడే పట్టేస్తుంది.

ఇప్పుడు మీకు వచ్చిన సలహాల సంగతి.

విసిరితే తెరుచుకునే టెంట్ పిల్లలతో పిక్నిక్‌కు, కారు డిక్కీకి బాగుంటుంది. మడిస్తే అది పెద్ద పళ్లెంలా అవుతుంది. ఇద్దరు పట్టేదైతే వ్యాసం ముప్పావు మీటరు దాకా ఉంటుంది, అంటే ఇంచుమించు మీ బండి హ్యాండిల్ వెడల్పు. దాన్ని నిలబెట్టి కడితే తెరచాప, పడుకోబెట్టి కడితే రెక్కలు. తెరవడం క్షణాల పని, మడవడం మాత్రం అరగంట కుస్తీ.

ఊయల మీద నాకు ఇష్టమే. కానీ మీ దారికి కాదు. రెండు చెట్లు కావాలి, సరైన దూరంలో ఉండాలి, వాటికి తాడు కట్టడానికి ఎవరో ఒప్పుకోవాలి. అరకు, పాడేరు వైపు మీకు కనిపించే నిటారు చెట్లు చాలావరకు కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్‌లు. వాటిని పెనవేసుకుని మిరియాల తీగ పాకి ఉంటుంది. ఊయల పట్టీ బిగించారంటే తీగ నలుగుతుంది, అది ఆ రైతు డబ్బు. పైగా చలి. ఊయలలో పడుకుంటే వీపు కింద స్లీపింగ్ బ్యాగ్ అణిగిపోయి పల్చబడుతుంది, కింద నుంచి చల్లగాలి తగులుతూనే ఉంటుంది. డిసెంబరులో లంబసింగిలో తెల్లవారుజామున ఆ గాలి మిమ్మల్ని నిద్రపోనివ్వదు. దోమతెర వేరే, పైన పరదా వేరే. అన్నీ లెక్కవేస్తే చివరికి టెంట్ అంత మూటే అవుతుంది.

కిలో లోపు ట్రెక్కింగ్ టెంట్లలో చాలావాటికి సొంత రాడ్లు ఉండవు. చేతికర్రలను నిలబెట్టి వాటి మీద బట్ట పరుస్తారు. మీ దగ్గర చేతికర్రలు ఉండవు కదా. మంచివి కొనాలంటే 8 వేలు కూడా చాలవు. అవి దారం బిగువు మీద నిలబడతాయి కాబట్టి నేలలో మేకు దిగకపోతే టెంటే లేదు.

బైక్ పెట్టుకునే గ్యారేజీ టెంట్లు ఉన్న మాట నిజమే. ఐదారు కిలోల సరుకు. అంత చదును నేల మన కొండల్లో దొరకడం కష్టం, పెట్రోలు వాసన పీల్చుకుంటూ పడుకోవడం మరీ కష్టం. బండికి మామూలు కవరు కప్పండి చాలు. ముసుగేసిన బండిని దారిన పోయేవాడు పెద్దగా పట్టించుకోడు.

ఒక్కరికి ఇద్దరి టెంట్ ఎందుకని అడగవచ్చు. టెంట్ల కంపెనీల లెక్కలో ఇద్దరంటే భుజం భుజం ఆనించి పడుకున్న ఇద్దరు సన్నవాళ్లు. వెడల్పు సుమారు 130 సెంటీమీటర్లు. అందులో మీరు, మీ పక్కన హెల్మెట్, జాకెట్, బూట్లు, ట్యాంక్ బ్యాగ్. బైకర్‌కు ఇవన్నీ లోపలే ఉండాలి. బూట్లు బయట వదిలితే పొద్దున్నే ఒక్కటే ఉంటుంది, రెండోది ఊరకుక్క దగ్గర ఉంటుంది. లోపల పెట్టినా వేసుకునే ముందు దులపండి, హెల్మెట్ కూడా. తేళ్లకు, చీమలకు అది హోటల్ గది.

మీ ఎత్తు మరో సంగతి. 5 అడుగుల 11 అంగుళాలంటే 180 సెంటీమీటర్లు. టెంట్ పొడవు 200 అని రాసి ఉంటే సరిపోతుందనిపిస్తుంది. కానీ గోడలు వాలుగా ఉంటాయి, పైగా కింద చాప, తలగడ మిమ్మల్ని పైకి లేపుతాయి. కాళ్ల దగ్గర స్లీపింగ్ బ్యాగ్ బట్టకు ఆనుకుని తెల్లారేసరికి తడిసి ముద్దవుతుంది. 215 సెంటీమీటర్లకు తగ్గవద్దు. షాపులో టెంట్ వేయించి, చెప్పులు విప్పి, లోపలికి వెళ్లి పడుకోండి. నలుగురూ చూస్తారని మొహమాటపడకండి, డబ్బు మీది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఏజెన్సీలో డిసెంబరు టెంట్‌కు ప్రధాన శత్రువు వాన కాదు, మీ ఊపిరే. ఒకసారి లంబసింగిలో ఒకే పొర ఉన్న టెంట్‌లో పడుకున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి నుదుటి మీద చుక్క పడింది. కాసేపటికి ఇంకోటి. వాన మొదలైందనుకుని బండి మీది సామాను కప్పుదామని బయటికి వస్తే ఆకాశం నిండా చుక్కలు! తిరిగి లోపలికి వెళ్లి టార్చి వేస్తే పైకప్పంతా చెమటలు పట్టినట్టుంది. రాత్రంతా మనం వదిలే ఊపిరిలో, ఒంటి నుంచి పోయే ఆవిరిలో కలిపి ఒక గ్లాసు నీళ్లకు తక్కువ ఉండదు. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి టెంట్ పైబట్ట తన వేడిని ఆకాశానికి వదిలేసి చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడుతుంది. మీ ఆవిరి వెళ్లి దానికి తగిలి నీరవుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా బయట చెమర్చినట్టే, ఇక్కడ సీసా లోపల మీరున్నారు.

రెండు పొరలుంటే ఆ నీరు పైబట్ట లోపలి వైపు పట్టి, జారి నేలకు పోతుంది. మీకూ దానికీ మధ్య జాలీ బట్ట ఉంటుంది. రెండు పొరల మధ్య ఒక పిడికిలి పట్టేంత సందు ఉందో లేదో చూడండి. పైబట్ట పూర్తిగా నేలకు ఆనకుండా బెత్తెడు పైకి ఉండాలి, పైన గాలి పోయే కిటికీ ఒకటైనా ఉండాలి. చలిగా ఉందని ఆ కిటికీ మూసేయకండి. అందరూ చేసే తప్పు అదే. చలికి స్వెట్టర్ వేసుకోండి, మంకీ క్యాప్ పెట్టుకోండి, కిటికీ మాత్రం తెరిచే ఉంచండి. ఆ జాలీయే మీ దోమతెర కూడా. అల్లూరి జిల్లా ఏజెన్సీలో మలేరియా పాత సమస్య, కాబట్టి జాలీ లేని టెంట్ ఎంత చవకైనా వద్దు.

చోటు ఎంచుకోవడంలోనూ సగం తడి తప్పుతుంది. చల్లగాలి బరువు, అది నీళ్లలాగే పల్లానికి దిగుతుంది. వాగు ఒడ్డున పచ్చిక మీద ఫొటో బాగుంటుంది, నిద్ర బాగుండదు. అక్కడి నుంచి రెండు మూడు నిలువులు ఎత్తుకు, చెట్టు నీడకు జరిగితే మంచు తక్కువ పడుతుంది. అయితే తలెత్తి ఎండు కొమ్మలు లేవని చూసుకోండి.

మీరడిగిన 1500, 3000 అంకెల సంగతి సులువు. బట్టను బిగించి దాని మీద నీటిని పోస్తూ పోతారు. ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తు నీటి బరువుకు బట్టలోంచి చుక్కలు రావడం మొదలైతే, ఆ అంకె వేస్తారు. 1500 అంటే మీటరున్నర ఎత్తు నీటిని ఆపిందన్నమాట. పైబట్టకు 1500 మామూలు వానకు ఆగుతుంది, 2000 అయితే నిశ్చింత. నేలబట్టకు ఎక్కువ కావాలి, ఎందుకంటే తడి నేల మీద మీరు మోకాలు ఆనిస్తే బరువంతా ఆ రెండు అంగుళాల మీదే పడుతుంది. అక్కడ 3000 చూడండి. అంకె కన్నా ముందు కుట్లు చూడండి. కుట్టు లోపలి వైపు మెరిసే టేపు అంటించి ఉండాలి. అది లేకపోతే 5000 రాసినా సూది బొక్కల్లోంచి నీళ్లొస్తాయి. డిసెంబరులో వానేమిటి అనకండి. 2023లో మిచౌంగ్ తుపాను డిసెంబరు 5నే బాపట్ల దగ్గర తీరం దాటింది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందంటే మాత్రం అమ్మ మాట విని లాడ్జి తీసుకోండి, లేదా వారం వాయిదా వేయండి.

కింద పరిచే పట్టా ఒకటి కావాలి. దానికి వేరే డబ్బు పోయొద్దు. ధాన్యం మీద కప్పే బరకం ముక్క చాలు. మీ గోదావరి జిల్లాలో దానికి కరువేముంది. అయితే టెంట్ నేల కన్నా నాలుగంగుళాలు చిన్నగా కత్తిరించండి. బయటికి కనిపించేలా ఉంటే వాన నీళ్లు దాని మీద పడి నేరుగా మీ వీపు కిందికి వస్తాయి. చాలామంది మంచం మీద దుప్పటిలా అన్ని వైపులా పరిచి, టెంట్ కారుతోందని షాపువాణ్ని తిడతారు.

తనంతట తాను నిలబడేది కావాలని ఎందుకన్నానంటే, రెండు రాడ్లు ఒకదానికొకటి అడ్డంగా వంచి గుచ్చితే మేకు కొట్టకపోయినా టెంట్ నిలుస్తుంది. ఎత్తి పక్కకు జరపవచ్చు, తలకిందులు చేసి చెత్త దులపవచ్చు. రాతి నేల మీద ఇది ప్రాణం. రేపు ఎప్పుడైనా గండికోట వెళ్తారు, పెన్నా లోయ అంచున ఆ బండల్లో మేకు దిగదు. గుండ్రటి ఆకారం గాలికి మంచిదని మనవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్లు కట్టుకున్నది అందుకే, తుపాను గాలి పట్టుకోవడానికి మూల దొరకదు, చుట్టి పోతుంది. అయినా మేకులు కొట్టడం మానకండి. వాటిని పెగ్గులంటారు, షాపులో అడిగితే ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. కంపెనీ ఇచ్చేవి తీగ ముక్కల్లా ఉంటాయి, నాలుగు గట్టివి విడిగా కొనుక్కోండి. ఇసుకలో మాత్రం ఏ మేకూ ఆగదు. సూర్యలంక లాంటి చోట గుడ్డ సంచీలో ఇసుక నింపి, తాడు కట్టి, మోచేతి లోతున పాతిపెట్టాలి.

ఈ ధరలో అల్యూమినియం రాడ్లు దొరకడం అరుదు, ఫైబర్‌గ్లాసే ఉంటుంది. ఫరవాలేదు. కానీ అది విరిగితే ముక్క పీచులు పీచులుగా లేచి చేతిలో గుచ్చుకుంటుంది. రాడ్డు కన్నా కాస్త లావుగా ఉండే జానెడు గొట్టం ముక్క ఒకటి, ఇన్సులేషన్ టేపు చుట్ట ఒకటి పెట్టుకోండి. విరిగిన చోట గొట్టం తొడిగి టేపు వేస్తే ట్రిప్ పూర్తవుతుంది.

కొన్ని టెంట్లకు ముందు లోపలి జాలీ నిలబెట్టి తర్వాత పైబట్ట వేయాలి, కొన్నిటికి పైబట్టే ముందు. వానలో వేసుకోవాలంటే రెండోదే మంచిది. మీ ధరలో దొరక్కపోతే దిగులు పడకండి.

రంగు మీ ఇష్టం. నాకు మాత్రం ముదురు ఆకుపచ్చ ఇష్టం, రోడ్డు మీద నుంచి కనిపించదు, ఎవరూ సెల్ఫీకి రారు.

బండి నిలిపేటప్పుడు టెంట్‌కు ఒక బండి పొడవైనా దూరం ఉంచండి. మెత్తటి నేలలో సైడ్ స్టాండ్ రాత్రికి రాత్రి దిగబడుతుంది, మంచుకు నేల ఇంకా మెత్తబడుతుంది. కింద ఒక చదును రాయి పెట్టండి. కొందరు టెంట్ తాడును బండి హ్యాండిల్‌కు కడతారు, చూడ్డానికి తెలివిగా ఉంటుంది. అర్ధరాత్రి మీ కాలు తాడుకు తగిలితే 195 కిలోలు ఎటు పడతాయో ఆలోచించుకోండి. చలికి లోపల స్టవ్ వెలిగించడం, బొగ్గుల కుంపటి పెట్టుకోవడం చేయనే చేయవద్దు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఎక్కడ వేయాలన్నది అమ్మగారి భయానికి సంబంధించిన ప్రశ్న, అందులో ఆమె పక్షమే నేను. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా గుడారం వేయడం నేరం. వంజంగి కొండ మీద మేఘాలు చూడాలంటే కింద ఊళ్లో పడుకుని తెల్లవారుజామున ఎక్కండి. చీకటి పడకముందే, నాలుగున్నరకల్లా ఊళ్లోకి చేరి, పొలం ఉన్న పెద్దాయన్ని అడగండి. "బాబాయ్, ఈ రాత్రికి మీ కళ్లంలో పడుకోవచ్చా, పొద్దున్నే పోతాను" అంటే కాదనేవాళ్లు తక్కువ. మొదటి రాత్రి మారేడుమిల్లిలో గది తీసుకోండి. అది మీ ఇంటికి 80 కిలోమీటర్ల పైచిలుకే, అమ్మకు ధైర్యం, మీకు బండి మూట ఎలా కూర్చుందో చూసుకునే అవకాశం. టెంట్లు అద్దెకిచ్చే చోటు లంబసింగిలో, అరకులో ఉన్నాయి. వాళ్ల ఆవరణలో స్థలానికి మాత్రమే డబ్బిచ్చి మీ సొంత టెంట్ వేసుకుంటానని బేరం ఆడవచ్చు. మరుగుదొడ్డి ఉంటుంది, పక్కన మనుషులుంటారు.

ఇంటికి వచ్చాక తడి టెంట్‌ను సంచీలో వదిలేయకండి. మీ ఊరి ఉక్కకు లోపలి పూత జిగురుగా మారి, పుల్లటి వాసన కొట్టి, పొరలు పొరలుగా ఊడుతుంది. ఒకసారి అలా అయితే దానికి మందు లేదు. నీడన ఆరబెట్టి, బిగించి చుట్టకుండా వదులుగా ఒక పాత దిండు గలీబులో పెట్టండి.

అన్నిటికన్నా ముందు ఒక పని చేయండి. టెంట్ కొన్న రోజే మేడ మీద వేయండి. ఒకసారి పగలు, ఒకసారి చీకట్లో టార్చి నోట్లో పెట్టుకుని. నీళ్ల పైపు తెచ్చి పావుగంట పైన కొట్టి, లోపలికి వెళ్లి కుట్లు తడిమి చూడండి. తడి తగిలితే బిల్లు ఉండగానే మార్చుకోండి. తగలకపోతే ఆ రాత్రి అక్కడే పడుకోండి, పై కిటికీ తెరిచి. తెల్లారాక పైబట్ట లోపలి వైపు చేత్తో ఒక్కసారి రాసి, అరచేయి ఎంత తడిసిందో చూడండి. లంబసింగిలో దానికి రెట్టింపు ఉంటుందని లెక్క వేసుకుని, తుడుచుకోవడానికి ఒక పాత తువ్వాలు బ్యాగ్‌లో పైనే పెట్టుకోండి.